మోకాలి లిగమెంట్లు, కీలు స్థిరత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

మోకాలి లిగమెంట్ల గురించి వచ్చే సందేహాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. ఫిజియోథెరపీ చదువుతున్న విద్యార్థి అడిగేదీ, ఎంఆర్ఐ రిపోర్టు చేతపట్టుకుని కూర్చున్న క్రీడాకారుడు అడిగేదీ చివరికి ఒకే ప్రశ్నకు చేరుతుంది: ఈ లిగమెంట్ ఏ కదలికను ఆపుతోంది, అది లేనప్పుడు ఆ కదలికను ఇంకేది ఆపుతుంది? కింది జవాబులను ఆ ప్రశ్ననే దృష్టిలో పెట్టుకుని రాశాము. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి కావలసిన చోటి నుంచే చదువుకోవచ్చు. కాలిని స్వయంగా పరీక్షించిన వైద్యుని అభిప్రాయానికి మాత్రం ఇవి ప్రత్యామ్నాయం కావు.

## నిర్మాణాన్ని తెలుసుకునే దశ

లిగమెంట్ అంటే అసలు ఏమిటి? టెండన్‌కూ దానికీ తేడా ఏమిటి?

ఎముకను ఎముకతో కలిపే గట్టి పీచు కణజాలం లిగమెంట్. కండరాన్ని ఎముకతో కలిపేది టెండన్. రెండింటిలోనూ ప్రధాన పదార్థం ఒకటవ రకం కొల్లాజెన్ అనే ప్రోటీన్. విశ్రాంతిగా ఉన్న లిగమెంట్‌లో ఈ కొల్లాజెన్ పోగులు సన్నని అలలుగా ముడుచుకుని ఉంటాయి. లాగడం మొదలైనప్పుడు ముందుగా ఆ అలలు సాఫీ అవుతాయి కాబట్టి మొదటి కొద్దిపాటి సాగుదలకు పెద్దగా బలం అక్కరలేదు. ఆ తర్వాత పోగులన్నీ నిటారుగా బిగిసి, ఒక్కసారిగా గట్టి నిరోధం మొదలవుతుంది. ఆ హద్దు కూడా దాటితే పోగులు ఒక్కొక్కటిగా తెగడం ఆరంభిస్తాయి. లిగమెంట్ తనంతట తాను సంకోచించలేదు. ఎముకల స్థానం మారినప్పుడు బిగుసుకోవడం, వదులవడం మాత్రమే దానికి తెలుసు.

మోకాలిలో మొత్తం ఎన్ని లిగమెంట్లు ఉంటాయి? కొందరు నాలుగంటారు, కొందరు పదికి పైగా చెబుతారు.

రెండు లెక్కలూ సరైనవే. ఏసీఎల్ (యాంటీరియర్ క్రూసియేట్ లిగమెంట్), పీసీఎల్ (పోస్టీరియర్ క్రూసియేట్ లిగమెంట్), లోపలి పక్కన ఎంసీఎల్ (మీడియల్ కొలాటరల్ లిగమెంట్), బయటి పక్కన ఎల్‌సీఎల్ (లేటరల్ కొలాటరల్ లిగమెంట్) అనే నాలుగూ ప్రధానమైనవి; ఎక్కువగా గాయపడేవీ, పరీక్షల్లో ముందుగా చూసేవీ అవే. వీటితోపాటు మోకాటి చిప్పను లోపలి వైపు నుంచి పట్టి ఉంచే మీడియల్ పటెల్లోఫెమోరల్ లిగమెంట్, బయటి వెనుక మూలలో ఉండే పాప్లిటియోఫిబులర్ లిగమెంట్, ముందు బయటి వైపున యాంటీరోలేటరల్ లిగమెంట్, వెనుక గోడలో ఏటవాలుగా సాగే ఆబ్లిక్ పాప్లిటియల్ లిగమెంట్, బయటి మెనిస్కస్‌ను (మెనిస్కస్ అంటే రెండు ఎముకల మధ్య మెత్తలా అమరిన నెలవంక ఆకారపు మృదులాస్థి) తొడ ఎముకతో కలిపే హంఫ్రీ, రిస్‌బర్గ్ లిగమెంట్లు వంటివి ఉన్నాయి. వీటిలో కొన్ని అందరి మోకాళ్లలోనూ స్పష్టంగా కనిపించవు. కొన్ని కీలు సంచి (కీలును చుట్టి ఉండే పీచు పొర) గోడలోనే మందంగా మారిన భాగాలు. అందుకే సంఖ్య పుస్తకానికో రకంగా ఉంటుంది. సంఖ్యను కంఠస్థం చేయడం కన్నా ఏ మూలలో ఏవి కలిసి పనిచేస్తాయో తెలుసుకోవడం ఎక్కువ ఉపయోగం.

ఏసీఎల్, పీసీఎల్ ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎంత చదివినా గుర్తుండడం లేదు. తేలిక దారి ఉందా?

ఉంది. ఈ రెండింటికీ పేరు వచ్చింది టిబియా మీద అవి అతుక్కునే చోటును బట్టి. మోకాలికి దిగువన ఉండే పెద్ద ఎముక టిబియా. దాని పైభాగంలో ముందువైపు అతుక్కునేది యాంటీరియర్ క్రూసియేట్ లిగమెంట్, అంటే ఏసీఎల్. వెనుకవైపు అతుక్కునేది పోస్టీరియర్ క్రూసియేట్ లిగమెంట్, అంటే పీసీఎల్.

ఇక పై చివరలు. తొడ ఎముక కింది భాగం రెండు గుబ్బలుగా విడిపోయి, వాటి మధ్య ఒక లోతైన సందు ఉంటుంది. ఏసీఎల్ బయటి గుబ్బకు ఆ సందు వైపున్న గోడ వెనుక భాగంలో మొదలై, కిందికీ ముందుకీ లోపలికీ వాలుతూ టిబియాను చేరుతుంది. పీసీఎల్ లోపలి గుబ్బ గోడ మీద మొదలై కిందికీ వెనక్కీ సాగి, టిబియా వెనుక అంచున, కీలు ఉపరితలానికి కొంత దిగువన అతుక్కుంటుంది. వాలు ఎదురెదురుగా ఉండడం వల్లనే పక్క నుంచి చూసినప్పుడు రెండూ అడ్డంగా దాటినట్లు కనిపిస్తాయి. ఏసీఎల్ సుమారు 3 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటరు వెడల్పు ఉంటుంది. పీసీఎల్ దానికన్నా మందమైనది. ఈ రెండూ కీలు లోపలే ఉన్నా, కీలు సంచికి లోపలి పూత వంటి సైనోవియల్ పొర వాటిని కప్పి ఉంచుతుంది కాబట్టి కీలు ద్రవం వాటికి నేరుగా తగలదు.

ఒకే ఏసీఎల్‌లో రెండు కట్టలు ఎందుకు?

ఒకే పొడవున్న పోగులు మోకాలు వంగే అన్ని కోణాల్లోనూ బిగుతుగా ఉండలేవు కాబట్టి. టిబియా మీద అతుక్కునే చోటును బట్టి ఒక కట్టను యాంటీరోమీడియల్ (ముందు లోపలి వైపుది) అనీ, మరొక దానిని పోస్టీరోలేటరల్ (వెనుక బయటి వైపుది) అనీ పిలుస్తారు. మోకాలు వంచినకొద్దీ మొదటిది బిగుసుకుంటుంది. చాపినకొద్దీ రెండవది బిగుసుకుంటుంది. కాలు దాదాపు చాపి ఉన్నప్పుడు మెలిక తిరగడాన్ని అదుపు చేయడంలో పోస్టీరోలేటరల్ కట్టకు ఎక్కువ పాత్ర ఉంది. వాస్తవంలో ఈ రెండు కట్టల మధ్య గీత గీసినంత స్పష్టమైన సరిహద్దు ఉండదు; బిగుతు ఒక అంచు నుంచి మరో అంచుకు క్రమంగా మారుతూ పోతుంది.

లోపలి వైపు ఎంసీఎల్, బయటి వైపు ఎల్‌సీఎల్ ఒకే రకం లిగమెంట్లేనా?

కావు. వీటిని జంటగా నేర్పించడం వల్ల ఆ అపోహ కలుగుతుంది. ఎంసీఎల్ వెడల్పాటి పట్టీ. దాని పై పొర తొడ ఎముక లోపలి పక్క నుంచి దిగి, కీలు రేఖకు సుమారు 6 సెంటీమీటర్ల దిగువన టిబియాను చేరుతుంది. లోపలి పొర పొట్టిది, లోపలి మెనిస్కస్‌కు అతుక్కుని ఉంటుంది. ఆ అతుకు వల్ల లోపలి మెనిస్కస్‌కు కదిలే స్వేచ్ఛ తక్కువ, చిరిగే అవకాశం ఎక్కువ.

ఎల్‌సీఎల్ సన్నగా, గుండ్రంగా ఉంటుంది. టిబియా పక్కన బయటి వైపు ఉండే సన్నని ఎముక ఫిబులా; దాని తల మీద ఎల్‌సీఎల్ ముగుస్తుంది. బయటి మెనిస్కస్‌కు అది అతుక్కోదు. రెండింటి మధ్య నుంచి పాప్లిటియస్ టెండన్ సాగుతుంది. ఎల్‌సీఎల్‌ను మీ కాలి మీదే తాకి చూడవచ్చు. కుర్చీలో కూర్చుని ఒక కాలి చీలమండను రెండో మోకాలి మీద ఆనించి, పైన ఉన్న మోకాలిని పక్కకు వాలనివ్వండి. ఇప్పుడు ఆ మోకాలి బయటి పక్కన, ఫిబులా తలకు కాస్త ఎగువన వేలితో అడ్డంగా నిమిరితే పెన్సిల్ మందంలో బిగుసుకున్న పోగు ఒకటి తగులుతుంది. అదే ఎల్‌సీఎల్. ఎంసీఎల్ చదునుగా ఎముకకు అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి ఇలా చేతికి దొరకదు.

యాంటీరోలేటరల్ లిగమెంట్‌ను 2013లో కొత్తగా కనిపెట్టారని వార్తల్లో చదివాను. శరీరంలో ఇంతకాలం ఒక భాగం కనిపించకుండా ఎలా ఉంది?

కనిపించకుండా లేదు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు పాల్ సెగాండ్ 1879లోనే ఆ ప్రాంతంలో బిగుసుకునే ఒక పీచు పట్టీని వర్ణించాడు. మోకాలు బలంగా లోపలికి మెలిక తిరిగినప్పుడు టిబియా బయటి అంచు నుంచి ఊడివచ్చే చిన్న ఎముక ముక్కను ఇప్పటికీ సెగాండ్ ఫ్రాక్చర్ అనే అంటారు. ఎక్స్‌రేలో అది కనిపిస్తే ఏసీఎల్ కూడా తెగి ఉంటుందని గట్టిగా అనుమానించాలి. 2013లో బెల్జియం పరిశోధకులు దాని అతుకులను వివరంగా కొలిచి ప్రచురించడంతో అది వార్తల్లోకి ఎక్కింది. అది ప్రత్యేక లిగమెంటా, లేక కీలు సంచిలో మందమైన భాగమా అన్న చర్చ మాత్రం ఇంకా సాగుతోంది.

## స్థిరత్వం ఎలా కుదురుతుందో తెలుసుకునే దశ

తొడ ఎముక గుండ్రంగా, టిబియా చదునుగా ఉంటే మోకాలు జారిపోకుండా ఎలా నిలుస్తుంది?

మోకాలిని తలుపు మడతబందుతో పోలుస్తుంటారు. ఆ పోలిక సగమే నిజం. మడతబందుకు కదలని ఇరుసు ఒకటి ఉంటుంది. మోకాలికి అలాంటిదేదీ లేదు. వంగేటప్పుడు తొడ ఎముక గుబ్బలు టిబియా మీద దొర్లుతూనే జారుతాయి కూడా. దొర్లడం మాత్రమే ఉంటే అవి టిబియా వెనుక అంచు నుంచి కిందికి పడిపోవాలి. జారడం మాత్రమే ఉంటే వంగుడు త్వరగా ఆగిపోవాలి. ఈ రెండింటి పాళ్లను కుదిర్చే పనిలో క్రూసియేట్ లిగమెంట్లది ముఖ్యమైన పాత్ర.

ఎముకల ఆకారం నుంచి దొరికే సాయం తక్కువ. టిబియా లోపలి సగం కొద్దిగా పల్లంగా ఉంటుంది కానీ బయటి సగం కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. ఉబ్బెత్తు మీద గుండ్రని గుబ్బ నిలబడడం సహజంగానే కష్టం. మెనిస్కస్‌లు అంచుల్లో మందంగా ఉండి ఆ లోటును కొంత తీరుస్తాయి. నిలబడినప్పుడు శరీర బరువు ఎముకలను ఒకదానికొకటి అదిమి పట్టడం మరికొంత సాయం. మిగిలిన భారమంతా లిగమెంట్లు, కీలు సంచి, కండరాలు పంచుకుంటాయి. తుంటి కీలుకు లోతైన గిన్నె వంటి ఎముక ఉంది. మోకాలికి అది లేదు కాబట్టి మెత్తని కణజాలం మీద ఇంతగా ఆధారపడుతుంది.

ఏ లిగమెంట్ ఏ కదలికను ఆపుతుందో ఒక్క మాటలో చెప్పగలరా?

ఒక్కో మాట చొప్పున చెప్పవచ్చు: టిబియా ముందుకు జారకుండా ఏసీఎల్, వెనక్కి జారకుండా పీసీఎల్, మోకాలి లోపలి వైపు తెరుచుకోకుండా ఎంసీఎల్, బయటి వైపు తెరుచుకోకుండా ఎల్‌సీఎల్. పరీక్షలో మార్కులు రావడానికి ఇది చాలు. గాయాన్ని అర్థం చేసుకోవడానికి మాత్రం చాలదు.

ప్రతి కదలికకూ ఒక ప్రథమ నిరోధకం, దాని వెనుక కొన్ని ద్వితీయ నిరోధకాలు ఉంటాయి. 1980లో బట్లర్, నోయెస్, గ్రూడ్ శవాల మోకాళ్ల మీద చేసిన కొలతల్లో, టిబియాను ముందుకు లాగినప్పుడు ఎదురయ్యే నిరోధంలో సుమారు 85 శాతం ఏసీఎల్ నుంచీ, వెనక్కి నెట్టినప్పుడు సుమారు 95 శాతం పీసీఎల్ నుంచీ వస్తోందని తేలింది. ఆ మిగిలిన కొద్ది శాతాన్ని కీలు సంచి, పక్క లిగమెంట్లు, మెనిస్కస్‌లు అందిస్తాయి.

కోణం మారితే వాటాలు కూడా మారతాయి. 1981లో ఇదే బృందం పక్కల తెరుచుకునే కదలికను కొలిచింది. మోకాలు 5 డిగ్రీలు మాత్రమే వంగి ఉన్నప్పుడు లోపలి వైపు తెరుచుకోకుండా ఆపడంలో ఎంసీఎల్ వాటా సుమారు 57 శాతం. 25 డిగ్రీలు వంచేసరికి అది సుమారు 78 శాతానికి పెరిగింది. కారణం ఏమిటంటే, కాలు చాపినప్పుడు వెనుక కీలు సంచీ, క్రూసియేట్ లిగమెంట్లూ బిగుసుకుని సాయం చేస్తాయి. కాస్త వంచగానే అవి వదులై ఎంసీఎల్ ఒంటరిదవుతుంది. వైద్యులు ఈ పరీక్షను కాలు చాపి ఒకసారి, 30 డిగ్రీలు వంచి మరోసారి చేసేది ఇందుకే. వంచినప్పుడు మాత్రమే తెరుచుకుంటే దెబ్బ ఎంసీఎల్‌కు పరిమితమై ఉండవచ్చు. చాపినా తెరుచుకుంటుంటే ఒకటికి మించి తెగాయని అనుకోవాలి.

మోకాలు పూర్తిగా చాపగానే లాక్ అవుతుందంటారు. దాన్ని చూడవచ్చా?

చూడవచ్చు. కుర్చీలో కూర్చుని పాదం నేలకు తగలకుండా మోకాలిని లంబకోణంలో వంచండి. మోకాటి చిప్పకు దిగువన చేతికి తగిలే ఎముక బొడిపె మీద పెన్నుతో చుక్క పెట్టి, కాలిని మెల్లగా పూర్తిగా చాపండి. చివరి 20 డిగ్రీలలో ఆ చుక్క చిప్ప మధ్య గీత నుంచి బయటి వైపు జరగడం గమనించవచ్చు. తొడ ఎముక లోపలి గుబ్బ ఉపరితలం బయటి దానికన్నా పొడవు. బయటి వైపు ప్రయాణం ముగిసిన తర్వాత కూడా లోపలి వైపు కొంత దూరం మిగిలి ఉంటుంది, ఆ మిగులే టిబియాను బయటికి తిప్పుతుంది. బిగుసుకుంటున్న ఏసీఎల్ కూడా ఈ తిరుగుడుకు తోడ్పడుతుంది. ఆ స్థితిలో లిగమెంట్లలో ఎక్కువ భాగం బిగుసుకుని ఉంటాయి కాబట్టి ఎక్కువ కండర శ్రమ లేకుండానే నిలబడగలుగుతాం. తిరిగి వంచాలంటే ముందు ఈ మెలికను విప్పాలి. ఆ పని మోకాలి వెనుక ఉన్న పాప్లిటియస్ అనే చిన్న కండరానిది.

కండరాలు బాగా బలంగా ఉంటే లిగమెంట్ లేని లోటు తీరిపోతుందా?

కొంతవరకు తీరుతుంది, ఎంతవరకన్నది కోణం మీద ఆధారపడుతుంది. తొడ వెనుక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండరాలు టిబియాను వెనక్కి లాగుతాయి కాబట్టి అవి ఏసీఎల్‌కు సహాయకులు. తొడ ముందు ఉండే క్వాడ్రిసెప్స్, మోకాలు దాదాపు చాపి ఉన్నప్పుడు, చిప్ప కింది టెండన్ ద్వారా టిబియాను ముందుకు లాగి ఏసీఎల్ మీద భారం పెంచుతుంది. చిక్కు ఎక్కడంటే, కాలు దాదాపు చాపి ఉన్న స్థితిలోనే హ్యామ్‌స్ట్రింగ్స్ ఎముకకు ఇంచుమించు సమాంతరంగా ఉంటాయి, వాటి లాగుడులో వెనక్కి పోయే భాగం తక్కువ. ఏసీఎల్‌కు సాయం అత్యవసరమైన కోణంలోనే సహాయకుడి బలం తగ్గిపోతుందన్నమాట.

రెండో చిక్కు సమయం. పాదం నేలను తాకిన సుమారు 40 మిల్లీసెకన్ల లోపే ఏసీఎల్ తెగుతుందని గాయాల వీడియోలను విశ్లేషించినవారు అంచనా వేశారు. మెలిక మొదలయ్యాక ప్రతిస్పందించి కండరం బిగుసుకునేందుకు ఆ వ్యవధి చాలదు. కాబట్టి కండరం పాదం నేలను తాకకముందే సిద్ధంగా ఉండాలి. శిక్షణలో బలంతోపాటు దిగే పద్ధతిని, మలుపు తిరిగే పద్ధతిని నేర్పేది అందుకే.

లిగమెంట్‌లో నాడులు ఎందుకున్నాయి?

కీలు ఏ స్థితిలో ఉందో, ఎంత వేగంగా కదులుతోందో మెదడుకు తెలియజేయడానికి. ఏసీఎల్‌లో సాగుదలనూ ఒత్తిడినీ గుర్తించే రుఫిని, పాసినియన్ గ్రాహకాలు ఉన్నాయి. అది తెగినప్పుడు ఈ సమాచారం కూడా కొంత పోతుంది. మోకాలు మీద నమ్మకం కుదరడం లేదని రోగులు చెప్పే మాటకు ఇదొక శారీరక కారణం.

మోకాటి చిప్ప పక్కకు జారకుండా ఆపేది ఏది?

వంగుడు మొదటి 20–30 డిగ్రీలలో మీడియల్ పటెల్లోఫెమోరల్ లిగమెంటే ముఖ్యాధారం. చిప్ప బయటికి జారకుండా ఆపే మెత్తని కణజాలంలో సగానికి పైగా వాటా దానిదే. అంతకన్నా ఎక్కువ వంచితే చిప్ప తొడ ఎముక ముందున్న గాడిలో కూర్చుంటుంది, అప్పటి నుంచి ఎముకే దానిని కాస్తుంది.

## గాయం జరిగిన దశ

ఎవరూ తగల్లేదు, ఎగిరి దిగానంతే. ఏసీఎల్ ఎలా తెగింది?

ఏసీఎల్ గాయాల్లో ఎక్కువ భాగం, దాదాపు 70 శాతం, నేరుగా దెబ్బ తగలకుండానే జరుగుతాయి. పరుగు వేగాన్ని ఒక్కసారిగా తగ్గించడం, దిశ మార్చడం, ఒంటికాలి మీద దిగడం వీటిలో మామూలుగా కనిపించే సందర్భాలు. పాదం నేలకు అతుక్కుని ఉంటుంది, మోకాలు చాలా తక్కువ వంగి ఉంటుంది, శరీరం మరో దిక్కుకు తిరుగుతుంది. మోకాలు లోపలికి కూలి, టిబియా ముందుకు జారుతూ మెలిక తిరుగుతుంది. వీటిలో ఒక్కొక్కటి విడిగా వస్తే యువకుల ఏసీఎల్ సాధారణంగా తట్టుకోగలదు. 1991లో ప్రచురితమైన కొలతల్లో 22–35 ఏళ్ల వారి ఏసీఎల్ సగటున సుమారు 2,160 న్యూటన్ల బలం వద్ద తెగింది. 60 దాటిన వారిలో ఆ బలం సుమారు 658 న్యూటన్లే. అన్ని భారాలూ ఒకే క్షణంలో కలిసినప్పుడు యవ్వనంలో ఉన్న లిగమెంట్ కూడా నిలవదు.

టప్‌మని శబ్దం వచ్చింది, కొన్ని గంటల్లోనే మోకాలు ఉబ్బిపోయింది. దీని అర్థం ఏమిటి?

కొద్ది గంటల్లోనే ఉబ్బిందంటే కీలు లోపల రక్తం చేరిందని అర్థం. ఏసీఎల్‌కు రక్తాన్నిచ్చే మిడిల్ జెనిక్యులర్ ధమని కొమ్మలు లిగమెంట్‌తోపాటు తెగడం ఇందుకు మామూలు కారణం. చిప్ప జారడం, ఎముక విరగడం, మెనిస్కస్ అంచు చిరగడం ఇతర కారణాలు. మరుసటి రోజుకు మెల్లగా వచ్చే వాపు ఎక్కువగా కీలు ద్రవం పెరగడం వల్ల వస్తుంది. పాదం చల్లబడినా, పాలిపోయినా, పాదాన్ని పైకి ఎత్తలేకపోయినా, మోకాలు ఆకారమే మారినా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. పలు లిగమెంట్లు తెగి మోకాలు తప్పుకున్నప్పుడు వెనుక ఉన్న పాప్లిటియల్ ధమనికీ, ఫిబులా మెడ చుట్టూ తిరిగే పెరోనియల్ నాడికీ ప్రమాదం ఉంటుంది. మోకాలు తిరిగి చోటుకు వచ్చేసినా ఆ ప్రమాదం తొలగినట్లు కాదు.

పీసీఎల్ గాయం గురించి అంతగా వినిపించదు. అది ఎప్పుడు జరుగుతుంది?

మోకాలు వంగి ఉండగా టిబియా ముందు భాగానికి బలంగా దెబ్బ తగిలినప్పుడు. వాహనం ఢీకొన్నప్పుడు ముందు సీటులో ఉన్నవారి మోకాలు డాష్‌బోర్డుకు తగలడం, వంగిన మోకాలి మీద బోర్లా పడడం ఇందుకు ఉదాహరణలు. ఏసీఎల్ గాయంలో ఉండేంత నాటకీయత దీనికి ఉండదు. మెట్లు దిగేటప్పుడు ఇబ్బంది, మోకాలి వెనుక అస్పష్టమైన నొప్పి మాత్రమే ఉండి చాలాకాలం గుర్తించకుండా పోవచ్చు.

పిల్లలకు కూడా లిగమెంట్ తెగుతుందా?

తెగవచ్చు. ఎముకలు ఇంకా పెరుగుతున్న వయసులో లిగమెంట్‌కు బదులు అది అతుక్కున్న ఎముక ముక్కే టిబియా నుంచి ఊడిరావడం కూడా కనిపిస్తుంది. ఎదుగుదల ఫలకాలు (ఎముక పొడవు పెరిగే చోట్లు) తెరిచి ఉంటాయి కాబట్టి చికిత్సను పిల్లల మోకాళ్లు చూసే నిపుణులే నిర్ణయించాలి.

## పరీక్షలు చేయించుకునే దశ

ఎక్స్‌రేలో అంతా బాగుందన్నారు. మరి మళ్లీ పరీక్ష ఎందుకు?

ఎక్స్‌రేలో లిగమెంట్లు కనిపించవు. ఎముక విరిగిందా, లిగమెంట్ తనతో ఎముక ముక్కను లాక్కొచ్చిందా అన్నవి చూడడానికే ఆ ఎక్స్‌రే. లిగమెంట్‌ను, మెనిస్కస్‌ను, ఎముక లోపలి గాయపు మచ్చను చూపించేది ఎంఆర్ఐ. అయితే ఎంఆర్ఐ పడుకుని ఉన్న మోకాలిని మాత్రమే చూస్తుంది. కదిలినప్పుడు అది ఎలా ప్రవర్తిస్తుందో చేత్తో చేసే పరీక్షే చెబుతుంది.

డాక్టరు మోకాలిని పట్టుకుని ముందుకు లాగారు, అంతే. అంత చిన్న పరీక్షతో ఏసీఎల్ తెగిందని ఎలా చెప్పగలరు?

అది లాక్‌మన్ పరీక్ష అయి ఉంటుంది. జాన్ లాక్‌మన్ దగ్గర నేర్చుకున్న జోసెఫ్ టార్గ్, తన సహచరులతో కలిసి 1976లో దానిని వివరించాడు. రోగి వెల్లకిలా పడుకుంటే మోకాలిని 20–30 డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడ కింది భాగాన్ని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో టిబియా పైభాగాన్ని ముందుకు లాగుతారు. వైద్యుడు గమనించేవి రెండు: ఎముక ఎంత దూరం ముందుకు వచ్చింది, చివర్లో ఎలా ఆగింది. లిగమెంట్ ఉంటే ఆ కదలిక గట్టిగా, టక్కున ఆగుతుంది. తెగి ఉంటే మెత్తగా, హద్దు తెలియకుండా సాగుతుంది. రెండో కాలితో పోల్చకుండా నిర్ణయానికి రారు, ఎందుకంటే పుట్టుకతోనే కీళ్లు వదులుగా ఉండేవారు చాలామంది ఉంటారు.

మోకాలిని 90 డిగ్రీలు వంచి లాగే డ్రాయర్ పరీక్ష కన్నా ఇది నమ్మదగినది. 90 డిగ్రీల వద్ద మెనిస్కస్ వెనుక అంచు అడ్డుపడవచ్చు, నొప్పితో హ్యామ్‌స్ట్రింగ్స్ బిగుసుకుని టిబియాను వెనక్కి పట్టి ఉంచవచ్చు. ఒక జాగ్రత్త అవసరం: పీసీఎల్ తెగి టిబియా ముందే వెనక్కి కుంగి ఉంటే, దానిని మామూలు చోటుకు తెచ్చే కదలికే ముందుకు జారినట్లు అనిపించి ఏసీఎల్ తెగిందని పొరపడే అవకాశం ఉంది. అందుకే రెండు మోకాళ్లనూ వంచి పక్క నుంచి చూసి, టిబియా కుంగిందేమో ముందే గమనిస్తారు.

గ్రేడ్ 1, 2, 3 అంటే ఏమిటి?

గ్రేడ్ 1లో పోగులు సాగి కొన్ని చిట్లుతాయి, కీలు వదులవదు. గ్రేడ్ 2 అంటే పాక్షికంగా తెగడం. కీలు కొంత వదులవుతుంది కానీ కదలిక చివర్లో ఆగుతుంది. గ్రేడ్ 3లో లిగమెంట్ పూర్తిగా తెగుతుంది, ఆగుదల ఉండదు. గ్రేడ్ 3 కన్నా గ్రేడ్ 2లో నొప్పి ఎక్కువ ఉండడం వింతేమీ కాదు. తెగిపోయిన పోగును ఇక ఏదీ లాగదు.

ఎంఆర్ఐలో ఏసీఎల్ పూర్తిగా తెగిందని రాశారు. నేను మామూలుగానే నడుస్తున్నాను. రిపోర్టు తప్పా?

తప్పు కానక్కరలేదు. చదునైన నేల మీద తిన్నగా నడిచేటప్పుడు కండరాలు, మెనిస్కస్‌లు, కీలు సంచి, శరీర బరువు కలిసి టిబియాను అదుపులో ఉంచగలవు. ఏసీఎల్ లోటు బయటపడేది మలుపు తిరిగినప్పుడు, అకస్మాత్తుగా ఆగినప్పుడు, ఎగిరి దిగినప్పుడు. తెగిన ఏసీఎల్‌తోనూ మోకాలు పట్టు తప్పి కూలకుండా ఆటలు కొనసాగించేవారు కొందరుంటారు. మెట్లు దిగడానికే భయపడేవారు మరికొందరుంటారు. రిపోర్టులోని వాక్యం ఇద్దరికీ ఒకటే కావచ్చు. చికిత్సను నిర్ణయించేటప్పుడు మోకాలు ఎన్నిసార్లు పట్టు తప్పింది, ఏ పని చేస్తుండగా తప్పింది అన్న వివరానికి ఆ వాక్యంతో సమానమైన విలువ ఇవ్వాలి.

## చికిత్స, కోలుకునే దశ

ఎంసీఎల్ దానంతట అదే మానుతుందంటారు, ఏసీఎల్ ఎందుకు మానదు?

ఎంసీఎల్ కీలు వెలుపల, రక్తప్రసరణ బాగా ఉన్న కణజాలం మధ్య ఉంటుంది. తెగిన చోట రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఆధారంగా కొత్త కొల్లాజెన్ ఏర్పడుతుంది. అందువల్ల ఒంటరి ఎంసీఎల్ గాయాల్లో ఎక్కువ భాగానికి బ్రేస్ (మోకాలికి కట్టే ఆధారపు పట్టీ), వ్యాయామాలు సరిపోతాయి. ఏసీఎల్ తెగినప్పుడు దానిని కప్పిన పొర కూడా చిరిగి, చివరలు కీలు ద్రవంలో తేలతాయి. అక్కడ రక్తపు గడ్డ నిలవదు, చివరల మధ్య దూరం మిగిలిపోతుంది. అయినా ఎప్పటికీ మానదని చెప్పడం సరికాదు. శస్త్రచికిత్స లేకుండా ఉన్నవారిలో కొందరి ఏసీఎల్ తిరిగి అతుక్కున్నట్లు తర్వాతి ఎంఆర్ఐలలో కనిపించింది. ఎవరికి అలా జరుగుతుందో ముందుగా చెప్పడమే కష్టం.

ఏసీఎల్ తెగితే ఆపరేషన్ తప్పనిసరా?

అందరికీ తప్పనిసరి కాదు. స్వీడన్‌లో 121 మంది చురుకైన యువకులు, యువతుల మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. వెంటనే ఆపరేషన్ చేసినవారికీ, ముందు వ్యాయామ చికిత్స ఇచ్చి అవసరమైతేనే ఆపరేషన్ చేసినవారికీ రెండేళ్ల తర్వాత మోకాలి పనితీరులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండో వర్గంలో అయిదేళ్లకు దాదాపు సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు. మిగతా సగానికి ఆ అవసరం పడలేదు. దీనిని బట్టి ఆపరేషన్ వృథా అనుకోకూడదు. మలుపులు, గెంతులు ఉండే ఆటలకు తిరిగి వెళ్లదలచినవారికీ, మోకాలు పదే పదే తప్పేవారికీ, బాగుచేయదగిన మెనిస్కస్ చిరుగు ఉన్నవారికీ, ఇతర లిగమెంట్లు కూడా తెగినవారికీ ఆపరేషన్ వైపు మొగ్గు ఉంటుంది. మోకాలు తప్పుతున్నా పట్టించుకోకుండా ఆడుతూ ఉండడం మాత్రం అన్నింటికన్నా చెడ్డ దారి. తప్పిన ప్రతిసారీ మెనిస్కస్, మృదులాస్థి దెబ్బతినవచ్చు.

ఆపరేషన్‌లో తెగిన లిగమెంట్‌ను కుట్టేస్తారా?

సాధారణంగా కుట్టరు, వేరే చోట నుంచి తీసిన టెండన్‌ను ఆ స్థానంలో అమరుస్తారు. దీనినే గ్రాఫ్ట్ అంటారు. చిప్ప కింది టెండన్ మధ్య భాగాన్ని రెండు చివరలా ఎముక ముక్కలతో తీయడం, హ్యామ్‌స్ట్రింగ్ టెండన్లను మడిచి వాడడం, క్వాడ్రిసెప్స్ టెండన్‌లో కొంత తీసుకోవడం ఎక్కువగా వాడే పద్ధతులు. మొదటి దానిలో ఎముక ఎముకతో అతుక్కోవడం త్వరగా జరుగుతుంది కానీ మోకాళ్ల మీద కూర్చుంటే నొప్పి రావచ్చు. రెండవ దానిలో వంచే కండరాల బలం కొంత తగ్గవచ్చు. గ్రాఫ్ట్ ఎంపిక ఎంత ముఖ్యమో, ఎముకలో సొరంగం సరైన చోట తొలవడం కూడా అంతే ముఖ్యం. చోటు తప్పితే ఎంత బలమైన గ్రాఫ్టయినా తప్పు కోణంలో బిగుసుకుని, సాగిపోతుంది.

ఆపరేషన్ అయి మూడు నెలలైంది, నొప్పి లేదు. ఆటకు ఇంకా ఎందుకు పంపడం లేదు?

నొప్పి తగ్గడానికీ గ్రాఫ్ట్ బలపడడానికీ సంబంధం లేదు. అమర్చిన టెండన్‌లోని కణాలు మొదట్లో చనిపోతాయి, తర్వాత కొత్త రక్తనాళాలు, కణాలు లోపలికి పెరిగి, కొల్లాజెన్ నెలల తరబడి పునర్నిర్మాణం చెందుతుంది. ఈ మార్పు నడుమ, మొదటి కొన్ని నెలల్లో, గ్రాఫ్ట్ అమర్చిన రోజు కన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అదే సమయానికి రోగికి కాలు బాగుపడిందన్న ధైర్యం వస్తుంది.

2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, 9 నెలల వరకు ఆటకు తిరిగి వెళ్లడాన్ని ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మోకాలు మళ్లీ గాయపడే రేటు సుమారు సగం తగ్గింది. అయితే 9 నెలలు గడిచాయన్న ఒక్క కారణంతో అనుమతి ఇవ్వకూడదు. క్వాడ్రిసెప్స్ బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉందా, ఒంటికాలి గెంతులో దూరం సమానంగా ఉందా, దిగేటప్పుడు మోకాలు లోపలికి కూలుతోందా అన్నవి పరీక్షించి చూడాలి.

మోకాలి తొడుగు (నీ క్యాప్) వేసుకుంటే మోకాలికి స్థిరత్వం వస్తుందా?

మెత్తని నీ క్యాప్ వెచ్చదనం, చర్మం మీద ఒత్తిడి, కొంత ధైర్యం ఇస్తుంది. ఎముకలను ఆపే బలం దానికి లేదు. పక్కల కమ్ములున్న బ్రేస్ ఎంసీఎల్ మానే సమయంలో నిజంగా ఉపయోగపడుతుంది. మెలిక తిరగడాన్ని ఆపే విషయంలో దానికి కూడా పరిమితులు ఉన్నాయి, ఎందుకంటే బ్రేస్ పట్టుకునేది మెత్తని కండరాన్ని, ఎముక దాని లోపల తిరుగుతూనే ఉంటుంది.

లిగమెంట్ గాయం మళ్లీ రాకుండా వ్యాయామాలు నిజంగా పనిచేస్తాయా?

పనిచేస్తాయి, క్రమం తప్పకుండా చేస్తేనే. ఫుట్‌బాల్ క్రీడాకారుల కోసం రూపొందించిన ఫిఫా 11 ప్లస్ వంటి వార్మప్ కార్యక్రమాలు గాయాలను తగ్గిస్తున్నట్లు పలు అధ్యయనాల్లో తేలింది. వాటిలో పరుగు, బలం, సమతౌల్యం, గెంతులు, మలుపులు కలిసి ఉంటాయి. మొత్తం 20 నిమిషాల పని. వ్యాయామాల సంఖ్య కన్నా తీరు ముఖ్యం. దిగేటప్పుడు మోకాలు, తుంటి రెండూ వంగాలి, ముందు నుంచి చూస్తే మోకాటి చిప్ప పాదానికి సూటిగా ఉండాలి, చప్పుడు తక్కువగా రావాలి. ఫోనుతో ముందు నుంచీ పక్క నుంచీ వీడియో తీసి చూసుకుంటే, అద్దంలో తెలియని లోపాలు కూడా నెమ్మదిగా ఆడించినప్పుడు కనబడతాయి.